పికప్ ట్రక్కుకి గాలి బ్యాగులు: వెనక ఎత్తు ఎలా సెట్ చేసుకున్నాను

మా క్యాంపింగ్ ట్రైలర్ తగిలించగానే ట్రక్కు వెనక భాగం కుంగిపోయేది. ట్రక్కు 2018 ఫోర్డ్ ఎఫ్-150, సూపర్ క్రూ, ఐదున్నర అడుగుల బెడ్డు, అంటే సామాను వేసే వెనక తొట్టి. ట్రైలర్‌లో నీళ్లు, సామాను అన్నీ నింపితే 6,000 పౌండ్లు, అంటే 2,700 కిలోల పైమాటే. మేం ఉండేది డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. సెలవులొస్తే పిల్లల్ని ఎక్కించుకుని టెక్సస్ స్టేట్ పార్కులకి పోతుంటాం. రాత్రిపూట నా లైట్లు డిమ్‌లోనే ఉన్నా ఎదురొచ్చేవాళ్లు హెడ్‌లైట్లు కొట్టి మరీ పోయేవాళ్లు. వెనక దిగితే ముక్కు లేస్తుంది, వెలుగు నేరుగా వాళ్ల కళ్లలో పడుతుంది. పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడల్లా స్టీరింగ్ తేలిపోతున్నట్టు ఉండటం ఇంకో టెన్షన్.

బరువు పంచే హిచ్ మాకు ముందు నుంచీ ఉంది. దానికి రెండు ఇనప బార్లుంటాయి, వాటిని గొలుసులతో ట్రైలర్‌కి బిగిస్తే వెనక పడ్డ బరువు కొంత మిగతా చక్రాలకి పోతుంది. ఉండక తప్పదు కూడా. ఎఫ్-150 హిచ్ రిసీవర్ (ట్రక్కు వెనక హిచ్ దూర్చే చోటు) మీద అంటించిన స్టిక్కర్ చూస్తే, మామూలు బాల్ మీద 5,000 పౌండ్ల ట్రైలర్, దాని ముక్కు బరువు (ట్రైలర్ ముందు కొస బాల్ మీద మోపే బరువు) 500 పౌండ్లు, అంతవరకే. అది దాటితే బరువు పంచే బార్లు కట్టాల్సిందే. ట్రైలర్ కొన్నచోట కట్టిచ్చిన గొలుసు లింకు ఖాళీ ట్రైలర్‌కి సరిపోయేది. మేం బియ్యం, కుక్కర్లు, సైకిళ్లు, నీళ్లు అన్నీ ఎక్కించాక సరిపోయేది కాదు.

కొన్ని ట్రక్కులకి కంపెనీ నుంచే ఎయిర్ సస్పెన్షన్ వస్తుంది. రామ్ 1500కి 2013 మోడల్ నుంచి నాలుగు చక్రాలకీ గాలి స్ప్రింగులు దొరుకుతున్నాయి. బరువు పడితే సెన్సర్ చూసుకుంటుంది, కంప్రెసర్ లేపుతుంది, మనం చేసేదేం లేదు. నా ఎఫ్-150కి వెనకవి మామూలు కమాను పట్టీలు. దానికి విడిగా గాలి బ్యాగుల కిట్టు కొని బిగించుకోవాలి, ఎత్తు మనమే సెట్ చేసుకోవాలి.

మా వీధిలో ఒకాయన ఉన్నారు, ఒంగోలు వైపు వాళ్లు, ఇంట్లో ఒకప్పుడు లారీలు తిప్పారు. నేను బాబాయ్ అంటాను. కిట్టు పెట్టె చూసి ఆయన అన్న మాట: "ఒరేయ్ అబ్బాయ్, ఇంకో కమాను పట్టీ వేయించుకుంటే పోయేదానికి ఈ గాలి గొడవ దేనికిరా?"

లారీకి ఆ మాట నిజమే, ఎందుకంటే అది ఎప్పుడూ బరువుతోనే తిరుగుతుంది. నా ట్రక్కు నెలలో చాలా రోజులు ఖాళీగా ఆఫీసుకి, గుడికి, ఇండియన్ స్టోర్‌కి తిరిగేది. పట్టీ వేస్తే ఆ రోజులన్నీ గుంతల్లో ఎగిరెగిరి పడాలి. గాలైతే అవసరం తీరాక వదిలేయొచ్చు.

బిగించడం గురించి పెద్దగా చెప్పను, కిట్టుతో వచ్చే కాగితంలో బొమ్మలతో సహా ఉంటుంది. ఛాసిస్‌కి కింద ఉండే రబ్బరు బంపు స్టాపు తీసేసి ఆ చోట పై బ్రాకెట్ వేస్తాం. యాక్సిల్ మీద, కమాను కట్టని పట్టుకుని కింది బ్రాకెట్ కూర్చుంటుంది. ఆ రెంటి మధ్య బ్యాగు. జాగ్రత్తపడాల్సింది గాలి గొట్టాల దగ్గర. గొట్టాన్ని పదునైన బ్లేడుతో నిటారుగా కోయాలి. కటింగ్ ప్లేయరుతో నొక్కి కోస్తే మూతి నలిగి అండాకారం అవుతుంది, ఫిట్టింగ్‌లో కూర్చున్నట్టే కనిపిస్తుంది గానీ రాత్రంతా సన్నగా కారుతుంది. నా ట్రక్కుకి సైలెన్సర్ గొట్టం కుడివైపు పోతుంది, కాబట్టి ఆ వైపు బ్యాగుకి హీట్ షీల్డు తప్పనిసరి, గాలి గొట్టం కూడా దానికి దూరంగా తిప్పి తేవాలి. అన్నీ అయ్యాక స్ప్రే సీసాలో సబ్బునీళ్లు పోసి ప్రతి అతుకు మీదా కొట్టాలి. బుడగ లేచిందంటే గొట్టం తీసి మళ్లీ కోసి పెట్టాలి.

రెండు బ్యాగులకీ విడివిడిగా వాల్వులు పెట్టుకున్నాను, నంబర్ ప్లేటు పక్కన. ఇంగ్లిష్ T ఆకారంలో ఉండే ముక్క వేసి ఒకే వాల్వుతో రెంటికీ గాలి పట్టొచ్చు, పని తేలిక. కానీ మలుపులో ట్రక్కు ఒక పక్కకి వాలినప్పుడు బరువు పడిన బ్యాగులోని గాలి రెండో దాంట్లోకి పోతుంది, ఇంకా వాలుతుంది. విడిగా ఉంటే ఆ బాధ లేదు. పైగా ఎఫ్-150కి పెట్రోలు ట్యాంకు ఎడమవైపు ఉంటుంది. నాది 36 గ్యాలన్ల ట్యాంకు, నిండుగా ఉంటే 200 పౌండ్ల పైనే. ఎడమ పక్క పావు అంగుళం దిగి కనిపించింది, అటు మూడు పీఎస్ఐ ఎక్కువ పెడితే సరిపోయింది.

ఇప్పుడు కొలతలు. మా ఇంటి డ్రైవ్‌వే వీధివైపు వాలుగా ఉంటుంది, అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. పనిరోజు పొద్దున్నే ఖాళీగా ఉండే గుడి పార్కింగ్‌కి తీసుకెళ్లాను. ట్యాంకు నిండుగా, పిల్లలు లోపల, బెడ్డులో సామాను, అంటే ప్రయాణంలో ఎలా ఉంటుందో అలాగే. నేల నుంచి ఫెండర్ (చక్రం పైనుండే రేకు) అంచు దాకా కొలవమంటారు చాలామంది. నేను చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నిలువుగా కొలిచాను, టైరులో గాలి తేడా దాంట్లో కలవదు కాబట్టి. కొలిచే ముందు ట్రక్కుని నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిలించి ఆపాలి. కమాను పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుని బిగుసుకుపోయి ఉంటాయి. కదిలించకపోతే టేపు ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకోటి చెబుతుంది.

ట్రైలర్ లేకుండా ముందు 22 అంగుళాలు, వెనక 23న్నర. ఖాళీ పికప్‌కి వెనక కాస్త ఎత్తుండటం లోపం కాదు, బరువు పడితే సమానం కావాలని కంపెనీ వాళ్లు అలా చేస్తారు. ట్రైలర్ తగిలించి, బార్లు కట్టకుండా చూస్తే వెనక 20 ముప్పావుకి దిగింది, ముందు 22 ముప్పావుకి లేచింది. అప్పటికి బ్యాగుల్లో గాలి 5 పీఎస్ఐ. అంతకంటే తగ్గించకూడదు, బ్యాగు మడతపడి నలుగుతుంది. పై హద్దు 100. ఆ 100 చూసి ఎక్కించుకుంటూ పోవడానికి అది టార్గెట్ కాదు, బ్యాగు తట్టుకునే హద్దు మాత్రమే.

ముందుగా గాలితోనే లేపి చూశాను. రెండువైపులా 35 దాకా పట్టేసరికి వెనక లేచి నిలబడింది. దూరం నుంచి చూస్తే ట్రక్కు, ట్రైలర్ ఒకే గీతలో ఉన్నాయి. మా ఆవిడ చూసి, "సరిపోయిందిగా, ఇక పదండి" అంది. కంటికి నిజంగానే సరిపోయింది. కానీ టేపు ముందు చక్రం దగ్గర పెడితే ఇంకా 22 ముప్పావే చూపించింది, అసలు కదల్లేదు.

అందుకని కాటా వేయించాను. అమెరికాలో హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటుంది, పెద్ద లారీల కోసం పెట్టింది, పికప్‌లు కూడా ఎక్కించొచ్చు. దాని పలకలు విడివిడిగా ఉంటాయి. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనక చక్రాలు రెండోదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద వచ్చేలా నిలపాలి. చీటీలో మూడు బరువులూ వేరుగా వస్తాయి. అదే రోజు మళ్లీ తూయిస్తే తక్కువ డబ్బు తీసుకుంటారు.

ట్రైలర్ లేని ట్రక్కు: ముందు 3,260, వెనక 2,920 పౌండ్లు. ట్రైలర్‌తో, బార్లు లేకుండా: ముందు 2,960, వెనక 3,980, ట్రైలర్ చక్రాల మీద 5,240. అదే స్థితిలో గాలి 35కి పట్టి, ట్రక్కు చక్కగా నిలబడ్డాక తూస్తే ముందు మళ్లీ 2,960. ఒక్క పౌండు కూడా ముందుకి రాలేదు.

ఈ చీటీ చూశాకే ఈ అనుభవం రాయాలనిపించింది. ట్రైలర్ ముక్కు బరువు ట్రక్కు మీద 760 పౌండ్లు పడింది, కానీ వెనక యాక్సిల్ మీద పెరిగింది 1,060. ఆ తేడా 300 ముందు యాక్సిల్ నుంచి లాక్కున్నది. బాల్ అనేది వెనక యాక్సిల్‌కి ఇంకా ఐదడుగులు వెనక ఉంటుంది, చక్రాల మధ్య దూరం 145 అంగుళాలు. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టర్లు ఎక్కువ బరువెక్కిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేపుతాయే, సరిగ్గా అదే సంగతి ఇక్కడ చిన్న మోతాదులో జరుగుతోంది. ట్రాక్టర్ వెనక చక్రం కింద పలక పెట్టి ఎత్తినంత మాత్రాన ముందు చక్రాలు నేల మీదకి రావు. గాలి బ్యాగు చేసే పని ఆ పలక పనే. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య దూరం పెంచుతుంది, లైట్లు దించుతుంది, బంప్ మీద వెనక కింద తగలకుండా చూస్తుంది. బరువుని మాత్రం ఒక యాక్సిల్ నుంచి ఇంకోదానికి జరపదు. స్టీరింగ్ తేలడానికి కారణం ఆ పోయిన 300 పౌండ్లు. బ్రేకు వేసినప్పుడు, తడి రోడ్డు మీద తిప్పినప్పుడు ముందు టైర్లకి అది కావాలి.

ఆ బరువుని తిరిగి ముందుకి తెచ్చేది హిచ్ బార్లే. బార్లు గొలుసుతో బిగిస్తే బాల్ దగ్గర ట్రక్కునీ ట్రైలర్‌నీ కలిపి పైకి వంచినట్టవుతుంది. వెనక యాక్సిల్ మీద బరువు తగ్గి కొంత ముందుకి, కొంత ట్రైలర్ చక్రాలకి పోతుంది. నా ట్రక్కు మాన్యువల్‌లో రాసింది ఏమిటంటే, ట్రైలర్ తగిలించకముందు ముందు ఫెండర్ ఎత్తు ఒకటి, తగిలించాక ఎత్తు ఇంకొకటి కొలవాలి, బార్లు బిగించి ఆ రెంటికీ సగానికి తేవాలి. పూర్తిగా పాత ఎత్తుకి లాగాలని లేదు. నా లెక్కన 22కీ 22 ముప్పావుకీ మధ్య, అంటే 22 అంగుళాల మూడు నూళ్లు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు).

ఇక్కడ ముందు గాలా, ముందు బార్లా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. ముందు బార్లు బిగించి, చివర్లో గాలితో ఎత్తు సరిచేసుకోమనేవాళ్లు కొందరు. అది నేను చేసి చూశాను. బార్లు బిగిస్తే ముందు చక్కగా 22 అంగుళాల మూడు నూళ్లకి వచ్చింది. ఆ తర్వాత గాలి 35కి పెంచితే ముందు మళ్లీ లేచింది. వెనక పైకి లేచేకొద్దీ బాల్ కూడా లేస్తుంది, ట్రక్కుకీ ట్రైలర్‌కీ మధ్య కోణం మారుతుంది, బార్లు వదులవుతాయి. బార్లు పెట్టిన బరువుని గాలి మెల్లగా వెనక్కి లాక్కుంటోందన్నమాట. గాలి ఎంత ఎక్కువ పడితే బార్లు అంత తక్కువ పనిచేస్తాయి.

అందుకని నేను ఎంచుకున్న పద్ధతి: గాలిని ముందుగా ఒక అంకె దగ్గర కట్టేయాలి, తర్వాతే బార్లు. బార్లు బిగించాక గాలి ముట్టుకోకూడదు. నాకు సరిపోయిన అంకె కుడివైపు 20, ఎడమవైపు 23. ఆ గాలి పెట్టి, ట్రైలర్ దించి, గొలుసు ఒక లింకు దగ్గరగా బిగించాను. అంతా కదిలించి, నిలిపి, టేపు పెడితే ముందు 22 అంగుళాల మూడు నూళ్లు. వెనక 22 పావు. అంటే ట్రైలర్ లేనప్పటికంటే వెనక ఇంకా అంగుళం పావు కిందే ఉంది. ఉండనీ. ఖాళీ ట్రక్కు ఎత్తుకి తేవాలని గాలి కొట్టేవాళ్లందరికీ నేను చెప్పేది ఇదే, ఆ ఎత్తు ఖాళీ ట్రక్కుది. ముందూ వెనకా సమానంగా నిలబడితే ట్రక్కు పని ట్రక్కు చేసినట్టే.

మళ్లీ కాటా: ముందు 3,100, వెనక 3,680, ట్రైలర్ 5,400. పోయిన 300లో 140 ముందుకి తిరిగొచ్చింది, సగానికి దగ్గర. వెనక యాక్సిల్ మీద 300 తగ్గింది. నా ట్రక్కు వెనక యాక్సిల్ హద్దు 4,050, బార్లు లేనప్పుడు ఆ హద్దుకి 70 పౌండ్ల దూరంలో నడిపేవాణ్ణన్నమాట.

ఈ హద్దుల గురించి ఇంకో మాట. గాలి బ్యాగులు వేస్తే ట్రక్కు ఎక్కువ బరువు మోస్తుందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. బ్యాగుల కిట్టు పెట్టె మీద 5,000 పౌండ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంటే అలా అనిపించడంలో వింతేం లేదు. అది బ్యాగుల జత మోయగల లెక్క, ట్రక్కుది కాదు. టైర్లు, యాక్సిల్, బేరింగులు, బ్రేకులు పాతవే కదా. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు స్టిక్కర్ ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో రాసి ఉంటుంది. నాది 1,610 పౌండ్లు. మేం నలుగురం, బెడ్డులో సామాను, హిచ్ తల, ట్రైలర్ ముక్కు బరువు కలిపితే 1,500. మిగిలింది 110. బెడ్డులో జనరేటర్ పెడదామన్న ఆలోచన అక్కడే మానుకున్నాను. బ్యాగులు కుంగుడు కనిపించకుండా చేస్తాయి కాబట్టి, అవి వేసుకున్నవాళ్లకి కాటా ఇంకా ఎక్కువ అవసరం.

అసలు పరీక్ష అమరిల్లో దగ్గరుండే పాలో డ్యూరో లోయ పార్కు దారిలో జరిగింది. ఫ్రిస్కో నుంచి 380 మీద డెకేటర్, అక్కడ నుంచి 287 పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్ మీదుగా అమరిల్లో వైపు. ఆ దారిలో చెట్టూ చేమా తక్కువ, అడ్డగాలి ఎక్కువ. లారీ పక్కన దాటితే ట్రైలర్ ఒక తోపు తోసి ఊరుకుంటుంది, ఇదివరకులా ట్రక్కు ముక్కుని ఊపదు. స్టీరింగ్ చేతికి బరువుగా తగిలింది. లోయలోకి దిగే పార్కు రోడ్డు 10 శాతం వాలు. చిన్న గేరులో, మెల్లగా దిగాం. మలుపుల్లో ముందు టైర్లు తిప్పినచోటికి తిరిగాయి. అంతకుముందు అదే రోడ్డు మీద మా ఆవిడ పైన పట్టుకునే హ్యాండిల్ వదిలేది కాదు, ఈసారి ఫోన్‌లో ఫోటోలు తీసుకుంటూ కూర్చుంది.

అక్కడ తెల్లవారాక చలికి గాలి రెండు పీఎస్ఐ తగ్గింది. లీకేమో అని కంగారు పడాల్సిన పని లేదు, ఎండెక్కితే మళ్లీ వస్తుంది. లీకైతే ఒక్క పక్కే తగ్గుతుంది, రోజూ తగ్గుతుంది. గేజు విషయం కూడా తెలిసుండాలి. బ్యాగులో పట్టే గాలి చాలా తక్కువ, టైరుతో పోల్చే పరిమాణం కాదు. గేజు పెట్టి తీసేసరికే రెండు మూడు పీఎస్ఐ బయటికి పోతుంది. ఊరికే "ఎంతుందో చూద్దాం" అని గేజు పెడితే ఆ చూడటమే తగ్గించేస్తుంది. నేను చూడాలనుకున్నప్పుడు పంపు తగిలించి, దాని మీటర్‌లోనే చూసి అక్కడే సరిచేస్తాను. పెట్రోలు బంకు కంప్రెసర్ వాడను, ఒక్క నొక్కుకి పది ఎక్కేస్తుంది. సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న పంపు చాలు.

తిరుగు ప్రయాణానికి లెక్క మారుతుంది. పోయేటప్పుడు మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉంటుంది, గ్యాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైన. మా ట్రైలర్‌లో ఆ ట్యాంకు చక్రాలకి ముందు ఉంది, కాబట్టి ఆ బరువు కొంత ముక్కు మీదకి వస్తుంది. వచ్చేటప్పుడు అది ఖాళీ, ముక్కు తేలిక. ముక్కు బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి, 10 కంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. అందుకే బయల్దేరే ముందు కొన్ని నీళ్లు ఉంచుతాను, బరువైన సామాను ముందు అరలోకి మారుస్తాను. గాలి, గొలుసు లింకు మాత్రం అవే. ఇల్లు చేరి ట్రైలర్ విప్పాకే రెండు బ్యాగుల్నీ 10కి దించుతాను. 20తోనే ఖాళీగా తిప్పితే స్పీడ్ బ్రేకర్ మీద వెనక సీట్లో పిల్లలు ఎగిరి పడతారు. ఎప్పుడైనా ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపాల్సొస్తే ముందుగా గాలి తీసేయాలి, యాక్సిల్ వేలాడి బ్యాగుని సాగదీస్తుంది.

బాబాయ్ ఈమధ్య కొత్త టొయోటా టండ్రా పికప్ కొన్నారు. వాళ్లబ్బాయి పడవ లాగడానికి. మొదటిసారి తగిలించాక నాకు ఫోన్: "ఒరేయ్, నాది కూడా కుంగుతోంది, పట్టీ వేయిద్దామని కింద చూస్తే కమాన్లే లేవేంట్రా?" టండ్రాకి 2022 నుంచి వెనక కాయిల్ స్ప్రింగులు. పట్టీ వేసే వీలే లేదు. వాటికి వేరే రకం బ్యాగు వస్తుంది, స్ప్రింగు లోపల కూర్చునే గొట్టంలాంటిది. దాని పై హద్దు 100 కాదు, 35 పీఎస్ఐ. నా అంకెలు ఆయనకి పనికిరావు. వచ్చే శనివారం పడవ తగిలించుకుని టేపుతో గుడి పార్కింగ్‌కి రమ్మన్నాను, అక్కణ్ణుంచి కాటాకి పోదామని.